డౌన్‌హిల్‌లో ట్రెయిల్ బైక్ వణుకుతోందా? పార్ట్స్ కొనకముందు ఫోర్క్‌ని నిలబెట్టండి

స్పెక్ షీట్‌లో ఉన్న ప్రాసెసర్ స్పీడ్ వేరు, అరగంట గేమ్ ఆడి ఫోన్ వేడెక్కాక మిగిలే స్పీడ్ వేరు. థర్మల్ థ్రాట్లింగ్ గురించి మన రీడర్స్‌కి కొత్తగా చెప్పక్కర్లేదు. మౌంటెన్ బైక్‌లో కూడా సరిగ్గా ఇలాంటిదే ఒకటి జరుగుతుంది, కాకపోతే దాన్ని ఎవరూ బెంచ్‌మార్క్ చెయ్యరు. కంపెనీ వెబ్‌సైట్‌లో హెడ్ యాంగిల్ 65 డిగ్రీలు అని ఉంటుంది. బైక్ స్టాండ్ మీద ఉన్నప్పుడు అది నిజమే. కానీ మీరు ఎక్కి, నిటారు వాలులో ముందు బ్రేక్ నొక్కిన క్షణంలో ఆ కోణం ఎంత ఉంటుందో షీట్‌లో రాయరు. బైక్ వణికేదీ, హ్యాండిల్ లోపలికి మడతపడేదీ, మనం హ్యాండిల్ మీద నుంచి ఎగిరిపడేదీ ఆ క్షణంలోనే. అక్కడ పోయేది ల్యాప్ టైమ్ కాదు, కాలర్ బోన్.

అందుకే ఈ ఆర్టికల్‌లో ఏ బైక్ కొనాలి అన్నది కాదు, ఉన్న ట్రెయిల్ బైక్‌ని దిగుడులో నిలకడగా ఉండేలా ఎలా సెట్ చేసుకోవాలో చూద్దాం. ఉదాహరణకి ఒక మామూలు 29 అంగుళాల ఫుల్ సస్పెన్షన్ ట్రెయిల్ బైక్ తీసుకుందాం: ముందు 150 మి.మీ. ట్రావెల్, వెనక 140 మి.మీ., వెనక షాక్ స్ట్రోక్ 55 మి.మీ., హెడ్ యాంగిల్ 65 డిగ్రీలు, ఫోర్క్ ఆఫ్‌సెట్ 44 మి.మీ., వీల్‌బేస్ 1220 మి.మీ. రైడర్ బరువు 75 కిలోలు. హెల్మెట్, బ్యాగ్, నీళ్లు, ప్యాడ్స్ అన్నీ కలిపి అనమాట. చాలామంది స్నానం చేశాక తూచుకున్న బరువు పెట్టి చార్ట్ చూస్తారు. మూడు నాలుగు కిలోల తేడా అక్కడే వచ్చేస్తుంది.

నిలకడ అసలు ఎక్కడి నుంచి వస్తుంది

సూపర్ మార్కెట్ ట్రాలీ చక్రం గుర్తు తెచ్చుకోండి. మీరు ఎటు తోస్తే చక్రం దానంతట అదే తిరిగి వెనక్కి సర్దుకుంటుంది. కారణం, అది తిరిగే ఇరుసు ముందుంది, నేలను తాకే చోటు దాని వెనక ఉంది. బైక్ ముందు చక్రంలోనూ ఇదే సూత్రం. హ్యాండిల్ తిరిగే అక్షాన్ని నేల దాకా పొడిగిస్తే ఒక చోట తగులుతుంది. టైర్ నేలను తాకే చోటు దానికంటే వెనక ఉంటుంది. ఈ రెండిటి మధ్య దూరాన్నే ట్రెయిల్ అంటారు. మనం తిరిగే దారికి కూడా ఇదే పేరు కాబట్టి ఇక్కడి నుంచి దీన్ని ట్రెయిల్ కొలత అందాం. ఇది ఎక్కువుంటే రాయి తగిలినా చక్రం నిటారుగా సర్దుకుంటుంది. తక్కువైతే హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది, కానీ ప్రతి చిన్న రాయికీ పక్కకి లాగేస్తుంది.

లెక్క సింపుల్. చక్రం వ్యాసార్థాన్ని హెడ్ యాంగిల్ కొసైన్‌తో గుణించి, అందులోంచి ఫోర్క్ ఆఫ్‌సెట్ తీసేసి, వచ్చినదాన్ని సైన్‌తో భాగించాలి. టైర్‌తో కలిపి 29 అంగుళాల చక్రం వ్యాసార్థం సుమారు 373 మి.మీ. అనుకుంటే, 67 డిగ్రీలు, 51 మి.మీ. ఆఫ్‌సెట్ ఉన్న పాత తరహా బైక్‌కి ట్రెయిల్ కొలత 103 మి.మీ. వస్తుంది. మన ఉదాహరణ బైక్‌కి 125 వస్తుంది. కొత్త బైక్స్ దిగుడులో అంత ధీమాగా ఉండటానికి ఒక పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు అసలు విషయం. మీరు పెడల్స్ మీద నిలబడ్డారు. ఫోర్క్ 30 మి.మీ. దిగింది, వెనక చక్రం 40 మి.మీ. దిగింది. వెనక కాస్త ఎక్కువ దిగింది కాబట్టి హెడ్ యాంగిల్ దాదాపు 64.4 అయింది, ట్రెయిల్ కొలత 130. బాగుంది. తర్వాత నిటారు వాలు వచ్చింది, బ్రేక్ వేశారు. బరువంతా ముందుకొచ్చింది. మెత్తటి ఫోర్క్ 100 మి.మీ. దాకా కూరుకుపోయింది, వెనక షాక్ తేలికై పైకి లేచి 10 మి.మీ. దగ్గర ఆగింది. ముందు పడింది, వెనక లేచింది. 1220 మి.మీ. వీల్‌బేస్ మీద ఈ తేడా దాదాపు 4.4 డిగ్రీలు. అంటే మీ హెడ్ యాంగిల్ ఇప్పుడు 68.8. ట్రెయిల్ కొలత 97.

అంటే బ్రేక్ నొక్కిన సెకనులో నాలుగో వంతు నిలకడ పోయింది. మీరు డబ్బులు పెట్టి కొన్నది 65 డిగ్రీల బైక్, బాగా అవసరమైన చోట మీ కింద ఉన్నది పాత 67 డిగ్రీల బైక్ కన్నా జిత్తులమారి బైక్. పైగా హ్యాండిల్ ఆరేడు సెంటీమీటర్లు కిందికి జారింది కాబట్టి మీ భుజాలు కూడా ముందుకు వాలాయి. అదే ఫోర్క్ 100కి బదులు 80 దగ్గర ఆగితే కోణం ఒక డిగ్రీ దాకా వెనక్కి వస్తుంది, ట్రెయిల్ కొలత 104 అవుతుంది. ఒక్క పైసా పెట్టకుండా.

ఇక్కడే చాలామంది రైడర్స్ ఉల్టా చేస్తారు. "దిగుడులో చేతులు అదిరిపోతున్నాయి, ఫోర్క్ గట్టిగా ఉంది" అని గాలి తీస్తారు. ఫోర్క్ ఇంకా కూరుకుపోతుంది. ముందుకు పడిపోతామన్న భయంతో ఒళ్లంతా వెనక చక్రం మీదికి లాక్కుంటారు. ముందు టైర్ మీద బరువు పోతుంది, మలుపులో ముందు చక్రం జారుతుంది. జారిందని ఇంకా వెనక్కి వెళ్తారు. ఈ లూప్‌ని బ్రేక్ చెయ్యడమే మొత్తం సెటప్ పని. ముందు భాగం పైన నిలబడితే మనిషి బైక్ మధ్యలో నిలబడగలడు. మనిషి మధ్యలో ఉంటే ముందు టైర్‌కి గ్రిప్ ఉంటుంది.

మొదట టైర్లు, ఎందుకంటే మిగతావన్నీ వాటి మీదే

టైర్ కూడా ఒక స్ప్రింగే, కాకపోతే దానికి డ్యాంపర్ లేదు. ఎక్కువ గాలి కొడితే రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది, ఆ ఎగురుడుని మీరు ఫోర్క్ తప్పు అనుకుంటారు. మరీ తక్కువైతే మలుపులో పక్కకి మడతపడుతుంది, రిమ్ రాయికి కొట్టుకుంటుంది. 75 కిలోల రైడర్‌కి, 2.4 నుంచి 2.5 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లతో ముందు 21 నుంచి 23 పీఎస్‌ఐ, వెనక 24 నుంచి 26 మంచి మొదలు. ట్యూబ్ ఉంటే ఇంకో నాలుగైదు కలపండి. ట్యూబ్‌లెస్‌కి మారితే మాత్రం మన దగ్గర ఇంకో లాభం ఉంది: తుమ్మ ముళ్లూ, పల్లేరు కాయలూ. లోపలున్న సీలెంట్ చిన్న చిల్లుల్ని అక్కడికక్కడే పూడ్చేస్తుంది.

కార్ టైర్లకి కొట్టే షాపులో గాలి కొట్టించుకోకండి. ఆ గేజ్‌లో 22కీ 25కీ తేడా తెలీదు, మనకి ఆ మూడు పీఎస్‌ఐయే మొత్తం కథ. ఒక డిజిటల్ గేజ్ కొనుక్కోండి. ప్రతిసారీ అదే గేజ్ వాడితే చాలు, అది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ కాకపోయినా పర్లేదు.

ఎండ సంగతి కూడా చూసుకోవాలి. పొద్దున 20 డిగ్రీల చల్లదనంలో 25 పీఎస్‌ఐ పెట్టి, మధ్యాహ్నం గాలి 40 డిగ్రీలకి వేడెక్కితే అదే టైర్‌లో దాదాపు 27.7 ఉంటుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ గ్యాస్ లా, అంతే. ఫోర్క్‌లో 85 ఉంటే 92కి దగ్గరగా వెళ్తుంది. వేసవిలో కార్ వెనక ర్యాక్‌కి కట్టుకుని వికారాబాద్ దాకా వెళ్లి, దిగగానే "నిన్నటికి ఇవాళ్టికి బైక్ గట్టిపడింది" అంటే కారణం ఇదే కావచ్చు. రైడ్ మొదలుపెట్టే చోట, నీడలో కాసేపు ఉంచాక కొలవండి.

టైర్ ఎంపిక మీద ఒక మాటే చెప్తాను: కొత్త టైర్ ఒక్కటే కొనగలిగితే అది ముందుకే కొనండి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే సర్దుకునే టైమ్ ఉండదు. మ్యాక్సిస్ వాళ్ల మినియన్ డీహెచ్ఎఫ్, అసెగాయ్ లాంటివి ముందుకి ఎక్కువగా కనిపించేది ఇందుకే. అసెగాయ్ దక్షిణాఫ్రికా డౌన్‌హిల్ చాంపియన్ గ్రెగ్ మిన్నార్‌తో కలిసి చేసిన టైర్, పేరు అక్కడి బల్లెం పేరు. కంపెనీ ఏదైనా సరే, పక్కన ఎత్తైన నాబ్స్, మెత్తటి రబ్బర్ ఉన్నది చూడండి. హైదరాబాద్ చుట్టుపక్కల మన నేల గట్టి, దాని మీద వదులు మొరం పరుచుకుని ఉంటుంది. గచ్చు మీద సజ్జలు పోసినట్టే. అక్కడ చదునైన నాబ్స్ ఉన్న ఫాస్ట్ రోలింగ్ టైర్‌కి పట్టు దొరకదు.

శాగ్: కూర్చుని కాదు, నిలబడి కొలవండి

మీ బరువుకి సస్పెన్షన్ దానంతట అది ఎంత దిగుతుందో అదే శాగ్. ఫోర్క్ కాలి మీద గాలి ఎంత పెట్టాలో చార్ట్ అంటించి ఉంటుంది. రాక్‌షాక్స్ అయితే ట్రెయిల్‌హెడ్ అనే యాప్‌లో సీరియల్ నంబర్ కొట్టి చూసుకోవచ్చు. అది మొదలు మాత్రమే. తర్వాత కొలవాలి.

దీనికి షాక్ పంప్ కావాలి, మామూలు ఫ్లోర్ పంప్ పనికిరాదు. పంప్ తగిలించగానే రీడింగ్ కాస్త తక్కువ చూపిస్తుంది. కొంత గాలి పంప్ గొట్టంలోకి వచ్చింది కాబట్టి. తీసేటప్పుడు "స్స్" మని వినిపించేది కూడా ఆ గొట్టంలోని గాలే, షాక్‌లోది కాదు. అందుకే గాలి ఎంతుందో చూద్దామని ఊరికే పంప్ తగిలించి తీస్తే ప్రతిసారీ కొంచెం పోతూనే ఉంటుంది. ఇంకోటి, గాలి మార్చిన ప్రతిసారీ ఫోర్క్‌ని నెమ్మదిగా ఓ పదిసార్లు కిందికీ పైకీ నొక్కండి. లోపల పాజిటివ్, నెగెటివ్ అని రెండు గాలి గదులుంటాయి, వాటి మధ్య ఒత్తిడి సమానం కావాలి. ఇది చెయ్యకుండా కొలిస్తే వచ్చే నంబర్ ఫేక్.

ఇప్పుడు ఒక ఫ్రెండ్‌ని బైక్ పట్టుకోమని, రైడింగ్ గేర్ మొత్తం వేసుకుని, సీట్ దించేసి, పెడల్స్ మీద నిలబడండి. దిగుడులో ఎలా నిలబడతారో అలాగే: మోకాళ్లు, మోచేతులు వంచి, ఛాతీ కిందికి. సీట్ మీద కూర్చుని కొలిస్తే బరువంతా వెనక పడి ఫోర్క్ గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది, మీరు మళ్లీ గాలి తీస్తారు. రబ్బర్ రింగ్‌ని సీల్ దాకా నెట్టి, ఊపకుండా దిగి, రింగ్ ఎంత జరిగిందో కొలవండి.

మన బైక్‌కి ఫోర్క్‌లో 20 శాతం, అంటే 30 మి.మీ. నిటారు దారులు ఎక్కువైతే 18 శాతానికి, 27 మి.మీ.కి రండి. వెనక షాక్‌లో 28 నుంచి 30 శాతం, 55 మి.మీ. స్ట్రోక్‌లో సుమారు 16. వెనక్కి ఎక్కువ, ముందుకి తక్కువ. రెండూ 30 శాతం పెట్టి "బ్యాలెన్స్‌డ్" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చదును నేల మీద అది బ్యాలెన్సే. దిగుడులో బరువు ముందుకొస్తుంది కాబట్టి అది బ్యాలెన్స్ కాదు.

ఫోర్క్ గాలి సరిపోయింది కానీ పెద్ద డ్రాప్స్‌కి ఠప్ మని అడుగు తగులుతోందా? గాలి పెంచకండి, టోకెన్ వెయ్యండి. టోకెన్ అంటే గాలి గదిలో పెట్టే ప్లాస్టిక్ ముక్క. గది చిన్నదై, చివరి మూడో వంతు ట్రావెల్ మాత్రమే గట్టిపడుతుంది. మొదటి భాగం అలాగే మెత్తగా ఉంటుంది. ఎంత మోటు దారిలో వెళ్లినా రింగ్ 75 శాతం దాటకపోతే ఒక టోకెన్ తీసేయండి. రాజుకి బంటుకి తేడా ఉన్నట్టే గాలికి, టోకెన్‌కి ఉద్యోగాలు వేరు: గాలి మిమ్మల్ని పైన నిలబెట్టడానికి, టోకెన్ అడుగు తగలకుండా ఆపడానికి. మీ దారిలో అన్నిటికంటే పెద్ద దెబ్బకి ట్రావెల్ 90 నుంచి 95 శాతం వాడితే సరిగ్గా ఉన్నట్టు.

రీబౌండ్: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే

దెబ్బ తిన్న ఫోర్క్ ఎంత వేగంగా తిరిగి పైకి లేవాలో రీబౌండ్ నాబ్ చెప్తుంది. సాధారణంగా ఎర్ర నాబ్. పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్స్ వదులు చేశారో లెక్కపెట్టండి. ఎప్పుడూ బిగించిన వైపు నుంచే.

మరీ ఫాస్ట్‌గా ఉంటే తెలిసిపోతుంది: హ్యాండిల్ చేతుల్ని తంతుంది, ముందు చక్రం రాళ్ల మీద గంతులేస్తుంది. మరీ స్లోగా ఉన్నప్పుడే తిరకాసు. వరసగా నాలుగు రాళ్లు వచ్చాయనుకోండి. మొదటి రాయికి ఫోర్క్ 50 మి.మీ. దిగింది. పూర్తిగా లేవకముందే రెండోది కొట్టింది, 70కి దిగింది. మూడో రాయికి 90. నాలుగో రాయి వచ్చేసరికి వాడుకోవడానికి ట్రావెల్ మిగల్లేదు, కాబట్టి దెబ్బ నేరుగా చేతులకి తగిలింది. దీన్ని ప్యాకింగ్ అంటారు. రైడర్‌కి ఎలా అనిపిస్తుంది? "ఫోర్క్ గట్టిగా ఉంది" అని. వెంటనే గాలి తీస్తాడు. గాలి తక్కువైతే పైకి నెట్టే బలం ఇంకా తక్కువ, ప్యాకింగ్ ఇంకా ఎక్కువ. పైగా కూరుకుపోయిన ఫోర్క్ అంటే పైన చూసిన 68.8 డిగ్రీల బైకే.

ఎలా గుర్తుపట్టాలి? ఒంటరి రాయికి మెత్తగా ఉండి, వరస రాళ్లలో మూడు నాలుగు దాటాక మాత్రమే గట్టిగా అనిపిస్తే అది రీబౌండ్ స్లో. రెండు క్లిక్స్ వదులు చేసి చూడండి. ఒంటరి రాయికి కూడా గట్టిగానే ఉంటే అది గాలి గానీ కంప్రెషన్ గానీ.

మన సైట్ రీడర్స్‌కి ఇక్కడ ఒక అడ్వాంటేజ్ ఉంది. జేబులో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ కెమెరా ఉంది కదా. ఫ్రెండ్‌ని పక్కన నిలబెట్టి, ఒక ఫుట్‌పాత్ అంచు మీద నుంచి గానీ చిన్న రాతి మెట్టు మీద నుంచి గానీ దిగుతూ వీడియో తీయించండి. ఒక్కో ఫ్రేమ్ దాదాపు 4.2 మిల్లీ సెకన్లు. ఫోర్క్ అడుగున ఉన్న ఫ్రేమ్ నుంచి తిరిగి శాగ్ దగ్గర నిలబడే ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. వెనక షాక్‌కీ అలాగే. రెండు నంబర్లు దగ్గర దగ్గరగా ఉండాలి. వెనకది చాలా ముందే లేచేస్తుంటే జాగ్రత్త, గట్టు మీద నుంచి దూకినప్పుడు వెనక చక్రం మిమ్మల్ని తన్ని హ్యాండిల్ మీద నుంచి పంపేది అదే. ఈ పని చేసే గ్యాడ్జెట్స్ లేకపోలేదు. క్వార్క్ వాళ్ల షాక్‌విజ్ గాలి ఒత్తిడి మార్పుల్ని చదివి యాప్‌లో సలహాలు ఇస్తుంది, రాక్‌షాక్స్ ఫ్లైట్ అటెండెంట్ అయితే సెన్సార్లతో సస్పెన్షన్‌ని తనే మారుస్తుంది. బాగుంటాయి, కానీ శాగ్ తప్పుగా ఉంటే అవి కూడా పాపం ఏం చేస్తాయి? ఫోన్ కెమెరాతో మొదలుపెట్టండి.

గాలి పెంచితే రీబౌండ్ కూడా ఒక క్లిక్ స్లో చెయ్యాల్సి రావచ్చు, తగ్గిస్తే ఫాస్ట్. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

కంప్రెషన్ నాబ్

లో స్పీడ్, హై స్పీడ్ అంటే బైక్ స్పీడ్ కాదు, ఫోర్క్ కదిలే స్పీడ్. బ్రేక్ వేసినప్పుడు ముందుకి వాలడం, మలుపులో నొక్కుకోవడం, ఇవన్నీ నెమ్మదిగా జరిగే కదలికలు. వీటిని పట్టుకునేది లో స్పీడ్ కంప్రెషన్. శాగ్, రీబౌండ్ కుదిరాక ఇంకా బ్రేకింగ్‌లో ముందు కూరుకుపోతుంటే దీన్ని ఒకటి రెండు క్లిక్స్ బిగించండి. చిన్న చిన్న గులకరాళ్ల మీద చేతులకి జివ్వుమంటూ తెలుస్తుంటే ఎక్కువైంది, ఒకటి వెనక్కి తీయండి. హై స్పీడ్ నాబ్ ఉంటే దాన్ని ప్రస్తుతానికి ముట్టుకోకండి. చవక ఫోర్కుల్లో ఇదంతా ఒకే లాకౌట్ లీవర్‌లో ఉంటుంది. దాన్ని సగంలో పెట్టి దిగడం కన్నా, పూర్తిగా తెరిచి రెండు మూడు పీఎస్‌ఐ గాలి ఎక్కువ పెట్టుకోవడమే మేలు.

హ్యాండిల్, బ్రేకులు, సీట్

ఫోర్క్‌ని నిలబెట్టినట్టే చేతుల్ని కూడా పైన నిలబెట్టాలి. స్టెమ్ పైన పెట్టిన స్పేసర్‌ని కిందికి మార్చడం ఉచితంగా దొరికే అప్‌గ్రేడ్. 10 మి.మీ. స్పేసర్ కిందికి వస్తే హ్యాండిల్ 9 మి.మీ. పైకి, 4 మి.మీ. వెనక్కి వస్తుంది, స్టీరర్ వాలి ఉంటుంది కాబట్టి. రీచ్ తగ్గడం ఇష్టం లేకపోతే ఎక్కువ రైజ్ ఉన్న హ్యాండిల్‌బార్ వెయ్యండి. అయితే మరీ ఎత్తు చేస్తే చదును మలుపుల్లో ముందు టైర్ మీద బరువు తగ్గి జారుతుంది, 5 నుంచి 10 మి.మీ. చొప్పున వెళ్లండి. స్టీరర్ ట్యూబ్‌ని అందం కోసం పొట్టిగా కోయించకండి, కోసింది మళ్లీ అతకదు.

స్టెమ్ 60, 70 మి.మీ. ఉన్న పాత బైక్ అయితే 40 లేదా 50కి మార్చండి, హ్యాండిల్ స్పందన వెంటనే తెలుస్తుంది. బోల్టులు టార్క్ రెంచ్‌తో, స్టెమ్ మీద రాసిన న్యూటన్ మీటర్ల దగ్గరే ఆపాలి. కార్బన్ హ్యాండిల్‌ని "ఇంకొంచెం టైట్" చేస్తే అది మీకు చెప్పి విరగదు.

బ్రేక్ లీవర్లని గ్రిప్ నుంచి లోపలికి జరపండి, ఒక్క చూపుడు వేలు లీవర్ కొక్కెం దగ్గర పడేలా. మిగతా మూడు వేళ్లూ గ్రిప్ మీదే ఉండాలి. లీవర్లు మరీ కిందికి వాలి ఉంటే నిటారు వాలులో మణికట్టు మడతపడి బరువు చేతుల మీద పడుతుంది. కాస్త నేలకి సమాంతరంగా ఎత్తండి. అప్పుడు బరువు కాళ్ల మీద ఉంటుంది. ముందు రోటర్ 180 ఉంటే, ఫోర్క్ అనుమతిస్తే 203కి మారడం డబ్బుకి తగిన పని. ఈ ఆట పుట్టిందే బ్రేకుల వేడితో. 1976లో కాలిఫోర్నియా మారిన్ కౌంటీలో మొదలైన దిగుడు రేసుకి రీప్యాక్ అని పేరు రావడానికి కారణం, ఒక్కసారి కిందికి దిగేసరికి వెనక హబ్‌లో ఉండే కోస్టర్ బ్రేక్ గ్రీజు కాలిపోయి, మళ్లీ గ్రీజు కూరాల్సి రావడం. బే ఏరియాలో ఉన్న మనవాళ్లకి ఆ కొండలు వీకెండ్ దూరమే.

సీట్ పూర్తిగా దించండి. డ్రాపర్ పోస్ట్ లేకపోతే, మిగతా ఏ అప్‌గ్రేడ్ కన్నా ముందు అదే. పెడల్స్ విషయంలో గొడవలు చాలా ఉన్నాయి. ఫ్లాట్ పెడల్స్ తక్కువ కాదని మాత్రం ఖాయంగా చెప్పొచ్చు, శామ్ హిల్ వాటి మీదే 2017, 2018, 2019 ఎండ్యూరో వరల్డ్ సిరీస్ టైటిల్స్ గెలిచాడు.

జామెట్రీ మార్చే చిప్స్

ఇప్పుడు కొన్ని బైక్స్‌లో కోణమే మార్చుకోవచ్చు. ట్రెక్ ఫ్యూయల్ ఈఎక్స్ ఆరో తరంలో మినో లింక్‌తో పాటు హెడ్‌సెట్ కప్పులు మార్చి ఒక డిగ్రీ అటూ ఇటూ తిప్పొచ్చు. స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్ ఈవో 2021 మోడల్లో 63 నుంచి 65.5 డిగ్రీల దాకా ఉంది. లో సెట్టింగ్‌లో కోణం వాలుతుంది, బాటమ్ బ్రాకెట్ కిందికి వస్తుంది, రెండూ దిగుడుకి మంచివే. కానీ మన గ్రానైట్ గుండ్ల మధ్య పెడల్ రాళ్లకి కొట్టుకోవడం కూడా పెరుగుతుంది. తొక్కుతూ వెళ్లే భాగం ఎక్కువుంటే హై సెట్టింగ్‌లోనే ఉంచి ఫోర్క్‌తో పని కానివ్వండి. ఒక డిగ్రీ కోసం హెడ్‌సెట్ ఊడదీసే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి: పైన లెక్కలో ఫోర్క్‌ని 20 మి.మీ. పైన ఆపినందుకే మనకి అదే డిగ్రీ దొరికింది.

టెస్ట్ ఎలా చెయ్యాలి

కోడ్ రాసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, అయినా బైక్ దగ్గరికి వచ్చేసరికి అందరం మర్చిపోతాం: ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండు మూడు నిమిషాల దారి ఒకటి ఎంచుకోండి. అందులో వరస రాళ్లు, ఒక నిటారు బ్రేకింగ్ చోటు, ఒక వదులు మొరం మలుపు ఉండాలి. అనంతగిరి లాంటి అడవి ప్రాంతమైతే బైక్‌కి అనుమతి ఉన్న దారేనా అని ముందు చూసుకోండి. మొదటి రెండు రౌండ్లు ఏమీ మార్చకుండా దిగండి, ఒళ్లు వేడెక్కడానికి. తర్వాత ఒక మార్పు, ఒక రౌండ్, ఫోన్ నోట్స్‌లో ఒక లైన్. మార్పు పెద్దగానే చెయ్యండి, మూడు క్లిక్స్ గానీ ఐదు పీఎస్‌ఐ గానీ. ఒక్క క్లిక్ తేడా మొదట్లో ఎవరికీ తెలీదు. తెలిసిందని అనిపిస్తే అది మనసు ఆడే నాటకం. తేడా తెలిశాక సగం వెనక్కి రండి.

స్ట్రావా టైమ్ చూసి నిర్ణయించకండి. నాలుగో రౌండ్‌కి దారి గుర్తుండిపోయి ఎలాగూ ఫాస్ట్ అవుతారు. బదులుగా మూడు ప్రశ్నలు: నిటారు చోట నేను వెనక్కి లాక్కున్నానా, మధ్యలో నిలబడగలిగానా? వదులు మొరం మలుపులో ముందు చక్రం ఎటు వెళ్తుందో ముందే తెలిసిందా? కిందికి వచ్చాక ముంజేతులు బిగుసుకుపోయాయా? నిటారు చోట వెనక్కి లాక్కుంటున్నంత కాలం ముందు భాగం ఇంకా కిందే ఉందని అర్థం. ఫోర్క్‌కి మూడు పీఎస్‌ఐ, లేదా హ్యాండిల్ కింద ఇంకో స్పేసర్.

సెటప్ కుదిరాక అన్ని నంబర్లూ ఫోటో తీసి పెట్టుకోండి, తేదీ, ఆ రోజు ఎండతో సహా. దుమ్ము ఎక్కువున్న మన దారుల్లో ఫోర్క్ కింది కాళ్ల సర్వీస్‌ని 50 గంటల రైడింగ్‌కి ఒకసారి చేయించండి. సీల్స్ ఎండిపోతే ఫోర్క్ చిన్న రాళ్లకి కదలదు, అది కూడా "గట్టిగా ఉంది" అనే అనిపిస్తుంది. సర్వీస్ అయి వచ్చాక మాత్రం శాగ్ మళ్లీ కొలవాలి. లోపల రాపిడి తగ్గుతుంది కాబట్టి అదే గాలికి రెండు మూడు మి.మీ. ఎక్కువే దిగొచ్చు.